కార్టిసాల్ నార్మల్ అని రిపోర్టు వచ్చినా పొద్దున్నే ఈ నీరసం ఎందుకు?

ప్రశ్న (విజయవాడ నుంచి):
నాకు 38 ఏళ్లు. ఆరేళ్ల క్రితం మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాము నరాల మీది పొర దెబ్బతినే జబ్బు) అని తేలింది. రాత్రి తొమ్మిది గంటలు పడుకుని లేచినా, ఇడ్లీ రేకులు పొయ్యి మీద పెట్టేసరికే చేతులు బరువెక్కి స్టూలు మీద కూలబడుతున్నాను. పదకొండింటికి కాస్త తేరుకుంటాను గాని, మూడయ్యేసరికి కళ్లు తెరిచే ఉన్నా ఎదుటివారి మాట బుర్రకెక్కదు. ఒత్తిడి హార్మోను తగ్గి ఉంటుందని బంధువులొకరు అనగా ఉదయం ఎనిమిదింటికి కార్టిసాల్ పరీక్ష చేయించుకున్నాను. 14 వచ్చింది, నార్మల్ అన్నారు. అప్పటి నుంచి మా అత్తగారు "రిపోర్టులో ఏమీ లేదుగా" అంటున్నారు. ఈ అలసటకూ ఆ హార్మోనుకూ సంబంధం లేనట్టేనా?

జవాబు 1 (ఫిజియాలజీ బోధిస్తాను):
కార్టిసాల్ మెలకువ వచ్చిన 30 నుంచి 45 నిమిషాల్లో శిఖరానికి చేరి, ఆపైన దిగుతూ అర్ధరాత్రి ప్రాంతంలో అడుగంటుతుంది. ఎనిమిదింటి రక్తపరీక్ష ఆ వాలులో ఒక్క చుక్క మాత్రమే. కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు చేతులెత్తేశాయేమో పసిగట్టడానికి అది పనికొస్తుంది గాని, మీ అలసటను కొలవడానికి కాదు. పైగా ఈ జబ్బులో కొందరికి కార్టిసాల్‌ను నడిపే వ్యవస్థ మందగించడానికి బదులు అతిగా స్పందిస్తుంది. వాపును నడిపే సైటోకైన్లు మెదడులోని హైపోథాలమస్‌ను రేపితే, అది దాని కిందనున్న పిట్యూటరీ గ్రంథి ద్వారా అడ్రినల్‌కు కబురు పంపుతుంది. ఆ అంకెకూ అలసటకూ లంకె వెదికిన అధ్యయనాల ఫలితాలు ఒక్క తీరుగా రాలేదు. అందుచేత మీ అత్తగారికి చెప్పవలసింది ఒక్కటే: మైలిన్ పొర దెబ్బతిన్న నరాలతో అదే పని చేయడానికి మెదడు ఎక్కువ శ్రమపడుతుంది, ఆ శ్రమ రక్తపరీక్షలో కనబడదు.

ఇంకొకటి, అలసట వేరు, నిద్రమత్తు వేరు. 2021లో లాన్సెట్ న్యూరాలజీలో వెలువడిన 141 మంది పరీక్షలో ఈ జబ్బులో అలసటకు ఇచ్చే మందులు అమాంటాడిన్, మొడాఫినిల్, మిథైల్‌ఫెనిడేట్ మూడూ అలసట తగ్గించడంలో ఉత్తుత్తి మాత్రను మించలేదు. మధ్యాహ్నం మూడు గంటలకు మీకు పట్టేది ఈ రెండింటిలో ఏదో గమనించి, న్యూరాలజిస్టుకు ఆ తేడాతో సహా చెప్పండి.

జవాబు 2 (కరీంనగర్, పదకొండేళ్లుగా ఇదే జబ్బు):
అక్కా, మీరు వేడినీళ్ల స్నానం చేసి వంటింట్లోకి వెళుతున్నారా? ఒళ్లు కొద్దిగా వేడెక్కినా దెబ్బతిన్న నరంలో సంకేతం తడబడుతుంది. కసరత్తు చేస్తే చూపు మసకబారడాన్ని ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు 1890లోనే రాశారు. నేను గోరువెచ్చని నీళ్లకు మారాను, మెడ మీద తడి తువాలు వేసుకుని కూర్చునే కూరగాయలు తరుగుతాను. నీరసం పోలేదు గాని, గిన్నె చేతిలోంచి జారడం తగ్గింది.

జవాబు 3 (న్యూరాలజీ వార్డులో నర్సును):
జబ్బు తిరగబెట్టినప్పుడు మూడు నుంచి ఐదు రోజులు ఎక్కించే మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ నిద్రను చెడగొడుతుంది గనుక మేము ఉదయమే మొదలుపెడతాము. స్టెరాయిడ్ మాత్రలు వారాల తరబడి వాడి హఠాత్తుగా మానేస్తే మాత్రం సొంత కార్టిసాల్ నిజంగానే పడిపోవచ్చు, అది ప్రమాదకరం. అలా వాడి ఉంటే తప్పక చెప్పండి. థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ చూపించారా? రాత్రి మూత్రానికి ఎన్నిసార్లు లేస్తున్నారు?

ప్రశ్న అడిగినవారు:
ఈ రెండేళ్లలో స్టెరాయిడ్లు వాడలేదండీ. హిమోగ్లోబిన్ ఒక్కటే చూపించాను. రాత్రి నాలుగుసార్లు లేస్తాను. తొమ్మిది గంటలు పడుకున్నానని రాసినప్పుడు అది లెక్కలోకి తీసుకోలేదు. స్నానం సంగతి కూడా నిజమే, సలసల కాగిన నీళ్లే కలుపుకుంటాను.