స్క్రిప్టుల్లో కంటైనర్లను ఏరడానికి గ్రెప్ సరిపోతుందా, డాకర్ సొంత ఫిల్టరే వాడాలా?

రాత్రి_డ్యూటీ (చర్చ మొదలుపెట్టినవారు)

మా బృందంలో పది రోజులుగా తెగని వాదం ఒకదాన్ని పెద్దల ముందు పెడుతున్నాను. మా సర్వర్ల మీద ప్రోగ్రాములు డాకర్ నడిపే కంటైనర్లలో (ఒక్కో ప్రోగ్రామును విడిగా ఉంచే పెట్టెల్లాంటివి) ఉంటాయి, అక్కరలేనివాటిని తీసేయడానికి రోజూ రాత్రి ఒక శుభ్రపరిచే స్క్రిప్టు నడుస్తుంది. అది ‘డాకర్ పీఎస్ -ఏ’ (ఆగినవాటితో సహా కంటైనర్లన్నిటినీ చూపే కమాండ్) ఇచ్చిన పట్టికను పైపు ద్వారా గ్రెప్‌కు (ఇచ్చిన అక్షరాలున్న వరుసలను ఏరే పనిముట్టు) పంపి, ‘టెస్ట్’ అన్న మాట కనిపించిన వరుసలను పట్టుకుని, వరుసను ఖాళీల దగ్గర ముక్కలు చేసే ఆక్‌తో మొదటి కాలమ్‌లోని ఐడీలను విడదీసి, ఆ కంటైనర్లన్నిటినీ ‘డాకర్ ఆర్ఎం -ఎఫ్’తో తొలగిస్తుంది. రెండేళ్లుగా ఏ ఇబ్బందీ రాలేదు. పోయిన వారం మాత్రం నివేదికలు తయారుచేసే కంటైనర్ ఒకటి దానితోపాటు ఎగిరిపోయింది. దాని పేరులో టెస్ట్ అన్న మాటే లేదు. కాకపోతే ఆ రోజే దాని ఇమేజ్ (కంటైనర్‌కు మూలమైన అచ్చు) పేరును కొత్తగా ‘లేటెస్ట్’ అన్న ట్యాగుతో సహా రాసి నడిపారు. ఇంగ్లిషు అక్షరాల్లో చూస్తే లేటెస్ట్ చివర ఉన్నది టెస్టే. ఇమేజ్ కాలమ్‌లో ఆ నాలుగు అక్షరాలు కనబడగానే గ్రెప్ తన పని తాను చేసుకుపోయింది.

ఇకపై స్క్రిప్టుల్లో గ్రెప్ ఉండకూడదని, డాకర్ ఇచ్చే ‘--ఫిల్టర్’ మాత్రమే వాడాలని నా అభిప్రాయం. ఫిల్టర్ షరతులు నేరుగా డాకర్ డీమన్‌కు (వెనక ఎప్పుడూ నడుస్తూ కంటైనర్లను చూసుకునే ప్రోగ్రాము) వెళతాయి, ఏరివేత అక్కడే జరుగుతుంది, మనకు కావలసిన కంటైనర్లే తిరిగి వస్తాయి. ఇరవై ఏళ్లుగా చేతికి అలవాటైన పనిముట్టును ఒక్క పొరపాటుకు బయటికి నెట్టడం అన్యాయమని మా సీనియర్ ఒకరు అంటున్నారు. మీరేమంటారు?

పాత_టెర్మినల్

మీ సీనియర్ పక్షాన మాట్లాడతాను. తప్పు గ్రెప్‌ది కాదు, మీరు దానికి ఇచ్చిన వరుసది. పేరు చూడమని చెప్పాలనుకుని ఐడీ, ఇమేజ్, కమాండ్, పోర్టులు అన్నీ కలిసిన వరుసను దాని ముందు పెట్టారు. ‘--ఫార్మాట్’తో పేర్లు మాత్రమే రప్పించి, గ్రెప్‌కు ‘-ఎక్స్’ చేర్చి వరుస మొత్తం సరిపోవాలని అడిగి ఉంటే ఈ ప్రమాదం జరిగేది కాదు.

ఫిల్టర్ మిమ్మల్ని కాపాడి ఉండేదన్న నమ్మకం కూడా సరికాదు. ‘నేమ్=టెస్ట్’ అని రాస్తే అచ్చంగా టెస్ట్ అన్న పేరుగల కంటైనర్ ఒక్కటే వస్తుందని చాలామంది అనుకుంటారు. డాకర్ ఆ విలువను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా (అక్షరాల నమూనాగా) చదువుతుంది కనుక పేరులో ఎక్కడ ఆ అక్షరాలున్నా పట్టుకుంటుంది. రేపు ఎవరైనా ‘రిపోర్ట్-లేటెస్ట్’ అని పేరు పెడితే మీ కొత్త స్క్రిప్టు కూడా దాన్ని తొలగిస్తుంది. ‘నేమ్=^టెస్ట్$’ అని రెండు కొసలనూ బిగించాలి. అది తెలియకుండా ఫిల్టర్‌కు మారడమంటే పెనం మీద నుంచి పొయ్యిలోకి దూకడమే.

కాలమ్_లెక్క

పైవారు చెప్పిన నేమ్ సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. అయినా నేను చర్చ ప్రారంభించినవారి వైపే ఉన్నాను, ఎందుకంటే ఫార్మాట్ లేని పీఎస్ పట్టిక మనిషి కంటి కోసం చేసినది, స్క్రిప్టు కోసం కాదు. రెండు వరుసల్లో స్టేటస్ కాలమ్ ఇలా ఉందనుకోండి:

అప్ 2 అవర్స్ (హెల్దీ)
అప్ 2 అవర్స్ (అన్‌హెల్దీ)

‘హెల్దీ’ కోసం గ్రెప్ చేస్తే రెండూ వస్తాయి. నేను ఒకప్పుడు పనిచేసిన చోట పర్యవేక్షణ స్క్రిప్టు ఇలాగే లెక్కపెట్టేది. జబ్బుపడిన కంటైనర్‌ను కూడా ఆరోగ్యవంతుల ఖాతాలో వేసి, అంతా సవ్యంగా ఉందని వారాల తరబడి చెప్పింది. ‘హెల్త్=హెల్దీ’ అన్న ఫిల్టర్‌కు ఆ గందరగోళం లేదు, స్టార్టింగ్, హెల్దీ, అన్‌హెల్దీ, నన్ అన్న నాలుగు స్థితులనూ అది విడివిడిగా గుర్తిస్తుంది.

ఆక్ సంగతికి వస్తే, క్రియేటెడ్, స్టేటస్ కాలమ్‌ల లోపలే ఖాళీలు ఉంటాయి. ‘2 అవర్స్ అగో’ మూడు ముక్కలు, ‘అబౌట్ యాన్ అవర్ అగో’ నాలుగు ముక్కలు. పోర్టులు లేని కంటైనర్‌కు ఆ కాలమ్ మొత్తం ఖాళీ. ఏడో ముక్క ఏ కాలమ్‌దో గంట గంటకూ మారుతుంది. ఇంకొకటి, చాలామంది గమనించనిది: హోమ్ డైరెక్టరీలోని డాకర్ కాన్ఫిగ్ ఫైల్లో ‘పీఎస్‌ఫార్మాట్’ అన్న అమరిక ఉంటుంది. ఎవరైనా తమ సౌకర్యం కోసం దాన్ని మార్చుకుంటే, ఆ ఖాతా కింద నడిచే ప్రతి స్క్రిప్టుకూ పట్టిక రూపమే మారిపోతుంది. కమాండ్‌లో ఫార్మాట్‌ను స్పష్టంగా రాసినా, ఐడీలు మాత్రమే ఇచ్చే ‘-క్యూ’ వాడినా ఆ బాధ ఉండదు.

పాత_టెర్మినల్

పట్టికను కోయకూడదన్న మాట ఒప్పుకుంటున్నాను, నేను చెప్పినది కూడా ఫార్మాట్ తర్వాత గ్రెప్ అనే. కానీ ఫిల్టర్‌తో కానివి ఉన్నాయి కదా. ఫలానా లేబుల్ (కంటైనర్‌కు అంటించే గుర్తు) లేని కంటైనర్లను చూపించమని డాకర్ పీఎస్‌ను అడగలేం. డాకర్ లాంటి మరో పనిముట్టు పాడ్‌మ్యాన్‌లో ఆ వీలుంది, డాకర్‌లో ఆ ‘కాదు’ అక్కరలేనివాటిని ఒకేసారి తీసేసే ప్రూన్ కమాండ్ల దగ్గరే ఆగిపోయింది. ‘బిఫోర్’, ‘సిన్స్’ అన్నవి సమయాన్ని తీసుకోవు, మరో కంటైనర్ పేరునో ఐడీనో తీసుకుంటాయి. ఒక రోజు దాటినవన్నీ కావాలంటే మళ్లీ మన పైపుల దగ్గరికే రావాలి.

లేబులు_పిచ్చి

గ్రెప్పా ఫిల్టరా అని కొట్టుకోవడం కన్నా, పేరుతో ఏరడం ఎందుకని ఎవరూ అడగకపోవడం నాకు వింతగా ఉంది. పేరు మనుషులు పిలుచుకోవడానికి పెట్టుకున్నది. తొలగించవచ్చో లేదో చెప్పడానికి లేబుల్ ఉంది. పరీక్ష కంటైనర్‌ను సృష్టించేటప్పుడే ‘--లేబుల్ పర్పస్=టెస్ట్’ అని పెడితే, రాత్రి స్క్రిప్టు ‘డాకర్ పీఎస్ -ఏక్యూ --ఫిల్టర్ లేబుల్=పర్పస్=టెస్ట్’ అని అడిగితే చాలు. ఇక్కడ విలువ అచ్చంగా సరిపోవాలి కాబట్టి లేటెస్ట్ దరిదాపులకు రాదు. కంపోజ్ (పలు కంటైనర్లను కలిపి నడిపే డాకర్ పనిముట్టు) వాడేవారికి ప్రాజెక్టు పేరు, సర్వీసు పేరు లేబుళ్లుగా అదే అంటిస్తుంది.

వాడేముందు రెండు మెలికలు తెలుసుకోండి. ‘స్టేటస్’ ఫిల్టర్‌ను రెండుసార్లు ఇస్తే ఇదైనా అదైనా అని అర్థం, ‘లేబుల్’ను రెండుసార్లు ఇస్తే రెండూ ఉండాలని అర్థం. రెండోది, ‘స్టేటస్=ఎగ్జిటెడ్’ అంటే ‘-ఏ’ లేకపోయినా ఆగిపోయినవి వస్తాయి కానీ, ముగింపు కోడ్‌తో ‘ఎగ్జిటెడ్=137’ అని ‘-ఏ’ లేకుండా అడిగితే ఏమీ రాదు. బలవంతంగా చంపబడిన కంటైనర్లను (128కి సిగ్నల్ సంఖ్య 9 కలిపితే వచ్చేదే ఆ 137) వెతికేటప్పుడు ఖాళీ జవాబు చూసి సంతోషించినవారిని నేనెరుగుదును.

రాత్రి_డ్యూటీ

లేబుల్ సలహా నచ్చింది కానీ, ఇప్పటికే నడుస్తున్న కంటైనర్‌కు లేబుల్ తగిలించే వీలు లేదు, మళ్లీ సృష్టించాల్సిందే. మా దగ్గర డేటాబేస్ కంటైనర్లు కొన్ని నెలల తరబడి ఆగకుండా నడుస్తున్నాయి.

లేబులు_పిచ్చి

వాటికి తగిలించనక్కరలేదు. తొలగించవలసిన వాటికే లేబుల్, మిగిలినవాటి జోలికి స్క్రిప్టు పోదు. పాత పరీక్ష కంటైనర్లను ఒక్కసారి చేత్తో చూసి తీసేయండి.

పాడ్_మనిషి

చిన్న చేర్పు. పలు సర్వర్ల మీద కంటైనర్లను నడిపించే క్యూబర్నెటిస్ 1.24తో, అంటే 2022లో, దాన్ని డాకర్‌తో కలిపే డాకర్‌షిమ్‌ను తీసేశారు కనుక దాని నోడ్‌ల (సర్వర్ల) మీద సాధారణంగా క్రైసీటీఎల్ అన్న కమాండ్‌తోనే పాడ్‌ల (అది కలిపి నడిపే కంటైనర్ల గుంపుల) కంటైనర్లను చూడాలి. కంటైనర్లను చూపే దాని పీఎస్‌లో ఫిల్టర్ అన్న ఆప్షనే లేదు, ‘--నేమ్’, ‘--స్టేట్’, ‘--లేబుల్’ అని వేర్వేరుగా ఇవ్వాలి. రెండు లోకాల్లో పనిచేసేవారికి గ్రెప్ ఎందుకు చేదోడుగా తోస్తుందో నాకు అర్థమవుతుంది.

కాలమ్_లెక్క

ఒక రోజు దాటినవి కావాలన్న పాత_టెర్మినల్ గారికి: ఆగిపోయిన కంటైనర్ల వరకైతే ‘డాకర్ కంటైనర్ ప్రూన్’కు ‘అంటిల్=24హెచ్’ అన్న ఫిల్టర్, దానితోపాటు లేబుల్ కూడా ఇవ్వవచ్చు, పైపు అక్కరలేదు. అయితే ఆ 24 గంటలు ఆగిన క్షణం నుంచి కాదు, సృష్టించిన క్షణం నుంచి లెక్క. పది రోజుల కిందట పుట్టి ఐదు నిమిషాల కిందట ఆగినదీ పోతుంది, దాని లాగ్ చూద్దామనుకునేలోపే.

పాత_టెర్మినల్

లేబుల్ మార్గానికి నా ఓటు కూడా వేస్తున్నాను. సర్వర్‌లోకి చేత్తో ప్రవేశించినప్పుడు మాత్రం గ్రెప్‌ను వదలను, అక్కడ తప్పు వరుస వస్తే నా కంటికి కనబడుతుంది.

కానీ రాత్రి_డ్యూటీ గారూ, మీ మొదటి సందేశం మళ్లీ చదివాను. ఆ నివేదికల కంటైనర్ అప్పుడు నడుస్తూనే ఉందా? అయితే ‘-ఎఫ్’ లేని ‘డాకర్ ఆర్ఎం’ దాన్ని ముట్టుకునేదే కాదు, నడుస్తున్నదాన్ని తొలగించనని ఎర్రర్ ఇచ్చేది. ఆ ‘-ఎఫ్’ అక్కడికి ఎందుకు వచ్చింది?

రాత్రి_డ్యూటీ

నడుస్తూనే ఉందండీ. పరీక్షలు కొన్ని మధ్యలో వేలాడిపోయి ఉదయానికి కూడా ఆగేవి కావు, వాటి కోసం రెండేళ్ల కిందట ‘-ఎఫ్’ చేర్చింది నేనే. ఈ రాత్రికి దాన్ని తీసేసి, వేలాడినవాటి జాబితాను మాత్రం మెయిల్‌కు పంపేలా మార్చాను. లేబుల్ మార్పు సోమవారం.