కార్డు పెట్టగానే సర్వర్‌లో నెట్‌వర్క్ పోర్టు పేరు మారిపోయింది

ప్రశ్న:
మా ఆఫీసులో బిల్లింగ్ నడిచే ఉబుంటు 22.04 సర్వర్‌లో నిన్న రాత్రి ఎన్‌వీఎంఈ (వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డిస్కు) అడాప్టర్ కార్డు పెట్టాను. ఆన్ చేస్తే నెట్ లేదు. కేబుల్ మార్చాను, స్విచ్‌లో పోర్టు మార్చాను, లాభం లేదు. చివరికి మానిటర్ మోసుకొచ్చి తగిలించి పోర్టుల పేర్లు చూపే ‘ఐపీ లింక్’ కమాండ్ కొడితే, ఈఎన్‌పీ3ఎస్0 అనే పోర్టు పేరు కాస్తా ఈఎన్‌పీ4ఎస్0 అయి ఉంది. పొద్దున తొమ్మిదికి కౌంటర్లు తెరవాలి, ఒకటే టెన్షన్. నెట్‌ప్లాన్ (ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగులు ఉండే) ఫైల్లో పేరు మార్చి గట్టెక్కాను. ఇంకో కార్డు పెడితే మళ్లీ ఇదే గొడవా?

జవాబు 1:
మళ్లీ మారొచ్చండీ. ఆ పేరులో ‘పీ’ తర్వాతి 3 పీసీఐ బస్సు (కార్డులను మదర్‌బోర్డుకు కలిపే దారి) నంబరు. కొత్త కార్డు మధ్యలో ఒక నంబరు తీసుకుంటే వెనకవి జరుగుతాయి. అందుకే పేరును మ్యాక్ అడ్రస్‌కి (పోర్టు హార్డ్‌వేర్‌కి ఉండే సొంత నంబరుకి) కట్టేయండి. నెట్‌ప్లాన్‌లో ఆ పోర్టు కింద ‘మ్యాచ్’ పెట్టి మ్యాక్ అడ్రస్, ‘సెట్-నేమ్’లో లాన్0 అని రాసి రీబూట్ చేయండి. ఈటీహెచ్0 అని మాత్రం పెట్టకండి. బూట్ అయ్యేటప్పుడు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) కూడా అవే పేర్లు ఇస్తుంది, రెండూ ఢీకొంటాయి. ఆ ఫైల్లో ట్యాబ్ వాడొద్దు, స్పేసులే.

జవాబు 2:
ఫైర్‌వాల్ రూల్స్‌లో పాత పేరు ఉందేమో ‘గ్రెప్’ (ఫైళ్లలో పదాలు వెతికే కమాండ్)తో వెతకండి. రేపు మదర్‌బోర్డే మారిస్తే, దాని మీదున్న పోర్టు మ్యాక్ కూడా మారుతుంది. నేనైతే మ్యాక్ అడ్రస్ స్టిక్కర్ మీద రాసి క్యాబినెట్ తలుపు లోపల అంటించాను.

ప్రశ్న అడిగినవారు:
పెట్టాను, రెండుసార్లు రీబూట్ చేసినా లాన్0 అనే వచ్చింది. డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు ఐపీ అడ్రస్‌లు ఇచ్చే సర్వీసు) సెట్టింగ్‌లో పాత పేరు దొరికింది, అదీ మార్చేశాను. ఇద్దరికీ చాలా థాంక్స్ అన్నా.