సెకండ్ హ్యాండ్ ఆక్టేవియా ఆర్‌ఎస్ 230, వాడేది భీమవరంలో: కొనేముందు ఏం చూడాలి?

కాలువగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారమండీ. 2018 స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230 ఒకటి బేరంలో ఉంది. హైదరాబాద్ రిజిస్ట్రేషన్, ఇద్దరు ఓనర్లు మారారు, మీటర్లో 71 వేల కి.మీ. కంపెనీ సర్వీసు రికార్డు 45 వేల దాకానే ఉంది. తర్వాత ఏమైందంటే "బయట చేయించాం" అంటున్నారు. బండి పూర్తిగా స్టాకు (కంపెనీ ఇచ్చినట్టే ఉంది), రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చడం) ఏమీ లేదని కూడా చెప్పారు.

వాడకం: భీమవరం నుంచి పాలకొల్లు, చించినాడ వంతెన దాటి రాజోలు వారానికి రెండుసార్లు. నెలకోసారి తాడేపల్లిగూడెం దగ్గర హైవే ఎక్కి విశాఖ. చెరువుల మీదకి వెళ్ళడానికి వేరే బండి ఉంది, దీన్ని గట్ల మీద తిప్పను.

ఇంజన్‌లో, గేర్‌బాక్సులో ఏం చూడాలి? ఉప్పుగాలికి, వాననీటికి మన దగ్గర ఈ కారు తట్టుకుంటుందా? తెలంగాణ నుంచి కాగితాలు మార్చడం ఎలా? కొనొద్దు అనేవాళ్ళు కూడా కారణం చెప్పి అనండి.

టర్బో_తణుకు

ముందు ఆ "స్టాకు" అన్న మాట పక్కన పెట్టండి. రీమ్యాప్ తీసేసి కంపెనీ ఫైలు ఎక్కించడం గంట పని. అమ్మేముందు అందరూ చేసేదే. మ్యాపు పోతుంది కానీ అది మిగిల్చిన అరుగుదల ఎక్కడికీ పోదు, మీరు వెతకాల్సింది దాన్ని.

లెక్క చూడండి. కంపెనీ ఇచ్చింది 230 పీఎస్, 350 ఎన్‌ఎమ్. దీనికున్న 6 స్పీడ్ డీఎస్‌జీ (రెండు క్లచ్చుల ఆటోమేటిక్ గేర్‌బాక్స్), డీక్యూ250 అంటారు, ఆయిల్లో మునిగుండే క్లచ్చులది. అది తట్టుకునే టార్క్ కూడా సుమారు అంతే. అంటే షోరూమ్ నుంచి వచ్చేటప్పటికే అంచు మీద ఉంది. స్టేజ్ 1 అనే మొదటి స్థాయి రీమ్యాప్ పెడితే టార్క్ 400 దాటుతుంది, ఆ భారం క్లచ్ ప్లేట్లే మోస్తాయి.

బండి చూడ్డానికి వెళ్ళేటప్పుడు, ముందు రాత్రి నుంచి స్టార్ట్ చెయ్యొద్దని చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యేసి చూడండి. వెచ్చగా ఉందంటే ఆ రోజుకి తిరిగొచ్చేయండి, ఇంకో రోజు చూసుకోవచ్చు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి మొదటి రెండు మూడు సెకన్లు వినండి. గలగలమంటే చైన్ టెన్షనర్ (టైమింగ్ చైన్‌ని బిగువుగా ఉంచేది) వైపు చూడాలి. ఈ మూడో తరం ఈఏ888 ఇంజన్‌లో అది పాతవాటంత బలహీనం కాదు, అయినా వినడానికి ఖర్చేముంది.

ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీయబోండి. కొంచెం పీల్చుకోవడం మామూలే. మూత ఊడిరానంత గట్టిగా పట్టేసినా, ఈల లాంటి కూత వినబడినా పీసీవీ వాల్వులో (ఇంజన్ లోపలి వాయువుల్ని తిరిగి ఇన్‌టేక్‌కి పంపేది) డయాఫ్రమ్ చిరిగిందని అర్థం. అదొక్కటే అయితే పెద్ద పని కాదు. అలాగే వదిలేసి తిప్పితే మాత్రం క్రాంక్ వెనక సీలు కూడా లీకవ్వచ్చు.

ఇప్పుడు అసలు జబ్బు. ఈ ఇంజన్ పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది వాటర్ పంపు, థర్మోస్టాట్ కలిసుండే ప్లాస్టిక్ హౌసింగ్. ఇన్‌టేక్ కింద, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. వేడికి ప్లాస్టిక్ వంగుతుంది, గాస్కెట్ దగ్గర కూలెంట్ ఊరి గేర్‌బాక్స్ పైభాగం మీదకి జారుతుంది. కింద మరక కనపడదు, ఎందుకంటే అక్కడే వేడికి ఎండిపోతుంది. టార్చి వేసి చూడండి. గులాబీ రంగు పొడి, ఉప్పు పేరుకున్నట్టు, కనిపిస్తే లీకే. మారిస్తే మొత్తం మాడ్యూల్, దాన్ని తిప్పే చిన్న పళ్ళ బెల్టు, కొత్త కూలెంట్, మూడూ ఒకేసారి చేయించండి. బెల్టు పాతది ఉంచితే మళ్ళీ అదే కూలీ.

కూలెంట్ తగ్గిందని బోరు నీళ్ళు పోశారా అని కూడా అడగండి. మన ప్రాంతంలో బోరు నీళ్ళంటే ఉప్పు, సున్నం. రేడియేటర్ లోపల పొర కడుతుంది. డబ్బాలో ద్రవం గులాబీ, ఊదా రంగు కాకుండా మడ్డిగా ఉంటే ఎవరో ఏదో కలిపారు.

గేర్‌బాక్సుకి పరీక్ష: 20 నిమిషాలు నడిపాకే మొదలెట్టండి. చల్లగా ఉన్న డీఎస్‌జీ నిజం చెప్పదు. బ్రేకు వదిలి యాక్సిలరేటర్ తొక్కకుండా పాకనివ్వండి, వణకకూడదు. మనకి కొండలు లేవు కదా, ఏ వంతెన అప్రోచో, గట్టు ఎక్కే ర్యాంపో చూసుకుని రివర్సులో ఎక్కించండి. ఆగుతూ వచ్చేటప్పుడు 2 నుంచి 1కి దిగే చోట ఎగిరిపడకూడదు. తర్వాత ఖాళీ రోడ్డు మీద మాన్యువల్ మోడ్ పెట్టి, 3వ గేర్లో 1,800 ఆర్‌పీఎమ్ నుంచి పూర్తిగా తొక్కండి. ముల్లు పైకి పోయి వేగం దానితో పాటు పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఇంజన్ ఆపేటప్పుడు కింద నుంచి గరగర వస్తే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌ని (ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య కుదుపులు ఆపే చక్రం) అనుమానించండి.

డీక్యూ250కి ఆయిల్, ఫిల్టర్ 60 వేల కి.మీ.కి మార్చాలి. కంపెనీ రికార్డు 45 వేలకే ఆగిపోయింది కాబట్టి ఆ సర్వీసు "బయట" జరిగుండాలి. బిల్లు చూపించమనండి. బిల్లు లేదంటే చెయ్యలేదనే లెక్క.

స్కానర్ లేకుండా మాత్రం వెళ్ళొద్దు. వీసీడీఎస్ (ఈ కార్లకి వాడే స్కానర్ సాఫ్ట్‌వేర్) లాంటిది పెట్టి కారులోని అన్ని కంప్యూటర్ మాడ్యూళ్ళూ చదివించండి. లోపాల కోడ్లు ఏమీ లేవంటే సంబరపడకండి, రెడీనెస్ (కారు తనంతట తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయా అన్నది) చూడండి. అవి పూర్తికాలేదని చూపిస్తే, నిన్నో ఇవాళ పొద్దున్నో ఎవరో చెరిపేశారు. పాత కోడ్లుంటే ఇంకా మంచిది. చాలా కోడ్లతో పాటు అవి పడ్డప్పటి కిలోమీటర్లు నిలవుంటాయి. మీటర్లో 71 వేలు, కోడులో 94 వేలు ఉందనుకోండి, ఇంక మాట్లాడేదేముంది?

వశిష్ఠ_నీళ్ళు

మెకానికల్ సంగతి పై గురువుగారు చెప్పేశారు. నీళ్ళ సంగతి నేను రాస్తాను.

హైదరాబాద్ బండి అంటున్నారు. 2020 అక్టోబరు వరదలో అక్కడ సెల్లార్లలో కార్లు మునిగాయి, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మునిగాయి. 2018 బండి ఈ రెంటినీ చూసే వయసుది. సీటు బెల్టు చివరంటా లాగండి, లోపలి మూరెడు మీద బురద గీత ఉందేమో చూడండి. స్టెప్నీ తీసి గుంటలో తుప్పు, ఇసుక వెతకండి. సీటు కింద వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము, సీటు పట్టాల బోల్టులకి తుప్పు ఉంటే వదిలేయండి. కార్పెట్ పైన ఆరిపోయినా కింద స్పాంజి తడి పీల్చుకుని ఉంటుంది, వేలితో నొక్కి వాసన చూడండి. పాత పాలసీ నంబరు తీసుకుని క్లెయిముల చరిత్ర అడగండి.

ఇక మన ఉప్పు. గాలి కన్నా ఎక్కువ చెరుపు చేసేది రోడ్డు మీద రొయ్యల బండ్లు, చేపల లారీలు కార్చుకుంటూ పోయే ఉప్పునీళ్ళు. భీమవరం, పాలకొల్లు, నర్సాపురం రోడ్ల మీద రోజూ చూసేదే. అది అడుగుభాగానికి చిమ్మి ఎండిపోతుంది. వారానికోసారి అడుగంతా కడిగించండి, కానీ చెరువుల పక్క వాటర్ సర్వీసులో కాదు. అక్కడి బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఉప్పుని ఉప్పుతో కడిగినట్టే. ఊళ్ళో మంచినీళ్ళు వాడే చోట చేయించండి. అడుక్కి వాడేసిన ఇంజన్ ఆయిల్ కొట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది, దీనికి ఒప్పుకోవద్దు. రబ్బరు బుష్షులు ఉబ్బి పాడవుతాయి. మైనపు పూత వేయించండి.

ముందుగా తినేసేది ఏసీ కండెన్సర్‌ని. గ్రిల్‌లోంచి చూస్తే రెక్కలు తెల్లగా పొడి రాలుతుంటాయి, గ్యాసు ఆర్నెల్లకోసారి తగ్గిందంటే అదే. డిస్కుల మీద తుప్పు మాత్రం పట్టించుకోకండి, రెండు బ్రేకులకి పోతుంది. మందం చూసుకోండి, కనీస మందం డిస్కు మీదే చెక్కి ఉంటుంది.

వైపర్ల కింద గుంటలో ఆకులు, కొబ్బరి పూత చేరి నీళ్ళు పోయే దారి మూసుకుంటుంది. వానాకాలానికి ముందు చేత్తో తీసేయండి, లేకపోతే నీళ్ళు క్యాబిన్‌లోకి వస్తాయి.

దాళ్వా, సార్వా కోతలప్పుడు రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, గడ్డి కూడా పడుంటుంది. ఈ కారు ఎత్తు తక్కువ, గడ్డి ఇంజన్ కిందకి చుట్టుకుని క్యాటలిటిక్ కన్వర్టర్‌ని తాకుతుంది. అది మండే వేడిలో ఉంటుంది. కాలిన వాసన వస్తే వెంటనే ఆపి లాగేయండి. ఇంటి దగ్గర గడ్డిమేటు పక్కన అసలు పెట్టకండి, ఎలుకలు వైరింగ్ కొరికాయంటే ఆ ఖర్చు ముందు క్లచ్ ఖర్చు చిన్నదనిపిస్తుంది.

ఇన్సూరెన్సులో ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ తీసుకోండి. వరదనీళ్ళలో ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ కొట్టకండి. నీళ్ళు సిలిండర్‌లో ఉండగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, యాడ్-ఆన్ లేనివాళ్ళకి కంపెనీ ఆ నష్టం కట్టదు.

ఫారం_ముప్ఫై

కాగితాలు. లోను ఉంటే ముందు బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35తో హైపోథికేషన్ (ఆర్‌సీ మీద రాసిన బ్యాంకు హక్కు) తీయించాలి. అది తేలేదాకా పెద్ద అడ్వాన్సు ఇవ్వకండి. చలానాలన్నీ అమ్మేవాళ్ళ చేత కట్టించి, తెలంగాణ ఆర్టీఏ నుంచి ఫారం 28 ఎన్‌వోసీ తీసుకోవాలి. ఫారం 29, 30 (యాజమాన్య మార్పువి) మీద సంతకాలు బండి తీసుకునే రోజే. ఇక్కడికొచ్చాక ఫారం 27తో కొత్త నంబరుకి దరఖాస్తు, బండిని ఇన్‌స్పెక్టర్‌కి చూపించడం, ఏపీ లైఫ్ ట్యాక్స్. బండి వయసుని బట్టి తగ్గుతుంది, కానీ లెక్కకట్టేది పాత ఇన్వాయిస్ విలువ మీద. ఈ కారు కొత్తలో 24 లక్షలు పైన కాబట్టి ఆ మొత్తం చిన్నదేం కాదు, బేరంలోనే కలుపుకోండి. తెలంగాణలో కట్టిన ట్యాక్సులో మిగిలిన కాలానికి రీఫండ్ అడగొచ్చు, దానికి కొత్త ఆర్‌సీ కాపీ కావాలి.

12 నెలలు తెలంగాణ నంబరుతో తిరగొచ్చు కదా అంటారు కొందరు. అది ఉద్యోగరీత్యా బండితో వచ్చినవాళ్ళకి సరే. కొన్నవాళ్ళకి యాజమాన్య మార్పు గడువు వేరే ఉంది, 30 రోజుల్లో తెలియజేయాలి. ఇన్సూరెన్సు మీ పేరుకి మార్చడానికి 14 రోజులు. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనరుది, మీకు రాదు.

డబ్బు బ్యాంకు ద్వారానే. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నవాళ్ళకి అంతే మొత్తం జరిమానా పడుతుంది.

మాన్యువల్_గేర్

కొనొద్దని చెప్పే బాధ్యత నాదే అయినట్టుంది. రాజోలు దారి మీద స్పీడు బ్రేకర్లు, వంతెన అతుకులు, సన్న టైర్లు. 17 అంగుళాల రిమ్ముకి 45 ప్రొఫైల్ టైరు అంటే గుంతలో పడ్డప్పుడు ఆపేది కొన్ని అంగుళాల రబ్బరే. టైర్ల పక్కగోడల మీద బొడిపెలు, రిమ్ము లోపలి అంచు వంకర, ఈ రెండూ లిఫ్టు మీద చూడకుండా డబ్బు ఇవ్వకండి. టైరు మీది డీవోటీ కోడులో చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం.

పెట్రోల్ సంగతి. ఇప్పుడు బంకులో దొరికేది ఇథనాల్ 20 శాతం. ఆ ఇంధనానికి తగ్గ గొట్టాలు, సీళ్ళు 2023 ఏప్రిల్ తర్వాతి బండ్లకి తప్పనిసరి, దీనికి కాదు. మైలేజీ కొంత తగ్గుతుంది. వారాల తరబడి నిలబెట్టేట్టయితే ట్యాంకు నిండుగా ఉంచండి, ఇథనాల్ తేమ పీలుస్తుంది, మన గాలిలో తేమకి కొదవేముంది.

ఇంతా చేసి మాన్యువల్ కావాలంటే స్కోడాదే లారా ఆర్‌ఎస్ ఉంది, 1.8 టర్బో, 160 పీఎస్. దాన్లో రెండో తరం ఈఏ888. చైన్ టెన్షనర్, ఆయిల్ తాగడం, రెండు జబ్బులూ అందులోనే. చౌకగా వస్తోందని ఆశపడకండి. ఆక్టేవియా 1.8 ఆటోమేటిక్ వైపు కూడా పోవద్దు, అందులో డ్రై క్లచ్ డీక్యూ200. మెకట్రానిక్ (గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్) పోతే బండి నడిరోడ్డు మీద నిలబడుతుంది, సంక్రాంతి రద్దీలో పాకించి పాకించి నడిపితే వేడెక్కుతుంది. ఆక్టేవియా ఆర్‌ఎస్ 245 మంచిదే, కానీ మన దేశానికి 200 కార్లే వచ్చాయి. దొరికినా ధర వేరే లోకంలో ఉంటుంది.

కాలువగట్టు

చాలా థాంక్సండీ అందరికీ. ఫోనులో అడిగాను. డీఎస్‌జీ ఆయిల్ బిల్లు లేదట. కూలెంట్ మిన్ గీత దగ్గరుందని వీడియోలో కనిపించింది. ఇవి రెండే అయితే బేరమాడి తీసుకోవచ్చా?

టర్బో_తణుకు

ఈ రెండే అయితే తీసుకోవచ్చు. పంపు మాడ్యూలు, డీఎస్‌జీ సర్వీసు, కొత్త టైర్లు, ఈ మూడింటికీ ముందు కొటేషన్ రాయించుకుని ఆ మొత్తం ధరలోంచి కొట్టేయమనండి. దానికి తోడు కొన్న ధరలో పదో వంతు చేతిలో ఉంచుకోండి. ఆ డబ్బు లేకుండా ఈ కారు కొనడం కొనడం కాదు. క్లచ్ జారుతుంటే మాత్రం ఎంత తగ్గించినా వద్దు.

కొన్నాక చేయించే డీఎస్‌జీ సర్వీసులో ఒక తిరకాసు ఉంది. డ్రెయిన్ బోల్టు విప్పితే కొంత ఆయిలే వస్తుంది, లోపల ఉండే లెవెల్ గొట్టం కూడా తీయాలి, అప్పుడు ఐదు లీటర్ల పైన దిగుతుంది. ఫిల్టర్ మార్చి, గొట్టం బిగించి, జీ 052 182 గ్రేడు ఆయిల్ నింపాలి. లెవెల్ చూసేది ఇంజన్ తిరుగుతుండగా, ఆయిల్ 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే, అదీ స్కానర్లో కనిపించే అంకెతో. మే నెల మధ్యాహ్నం మన షెడ్లలో నిలబెట్టిన బండి ఆయిలే 40 దగ్గరుంటుంది, ఇంజన్ తిప్పగానే 45 దాటేస్తుంది. వేడికి ఉబ్బిన ఆయిల్ ఎక్కువ కారిపోయి, చల్లారాక లోపల తక్కువ మిగులుతుంది. కాబట్టి తెల్లారి 7 గంటలకే పెట్టించండి. పాత ఫిల్టర్ పారెయ్యనివ్వకండి, మీ ముందే కోయించండి. బూడిద రంగు సన్న పొడి మామూలే. గోటికి తగిలే ఇనుప పలుకులు కనిపిస్తే కొత్త ఆయిల్ పోయించకుండా అక్కడే ఆపి గేర్‌బాక్స్ నిపుణుడికి చూపించండి.