మద్యనిషేధం ఉన్న జిల్లాలో సారా మీద సర్వే: పేర్లు రాసుకోవాలా?

ప్రాణహిత ఒడ్డు:
మాది సిరొంచ. ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ) చివరి ఏడాది. సారా అమ్ముకుని బతికే ఇళ్ళ ఆదాయం మీద ప్రాజెక్టు చేస్తున్నాను. మహారాష్ట్రలోని మా గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. అయినా ఇప్పసారా ఎక్కడ దొరుకుతుందో మా వైపు పిల్లలకి కూడా తెలుసు. గైడ్ ఇచ్చిన మరాఠీ ఫారంలో మొదటే పేరు, ఇంటి నంబరు, మొబైల్, సంతకం. కింద "మీరు సారా అమ్ముతారా?" అని ప్రశ్న. పోలీస్ పాటిల్‌ని (పోలీసు పనులకి ఊళ్ళో ప్రభుత్వం పెట్టిన మనిషి) వెంటబెట్టుకుని వెళ్తే పని త్వరగా అవుతుందన్నారు. మా పెద్దమ్మ వాళ్ళ వీధిలోనే కొందరు అమ్ముతారు. నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్ళు కదా, కాదనలేక చెప్పేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

బల్లార్షా పెద్దాయన:
అమ్మాయీ, ముందు ఆ పోలీస్ పాటిల్‌ని వదిలెయ్. మనిషి మంచివాడే కావచ్చు. కానీ ఊళ్ళో నేరం జరిగితే ఠాణాకి కబురు పెట్టడం ఆయన డ్యూటీ. ఆయన గుమ్మంలో నిలబడితే వాళ్ళు జవాబు ఆయనకి చెప్తారు, నీకు కాదు.

1949 నాటి మహారాష్ట్ర మద్యనిషేధ చట్టం ప్రకారం అమ్మినవాళ్ళే కాదు, పర్మిట్ లేకుండా తాగినవాళ్ళూ నేరం చేసినట్టే. పైగా వకీలుకి చెప్పిన రహస్యాలకి ఉన్న రక్షణ మన దేశంలో సర్వే చేసేవాళ్ళ కాగితాలకి లేదు. కేసు నడుస్తుంటే ఆ కాగితాలు తెచ్చివ్వమని బి.ఎన్.ఎస్.ఎస్. (సి.ఆర్.పి.సి. బదులు వచ్చిన చట్టం) 94వ సెక్షన్ కింద అడగవచ్చు. "ఎవరికీ చెప్పను" అని మాట ఇచ్చి, బ్యాగులో పేర్ల జాబితా పెట్టుకు తిరిగితే ఏం లాభం? పేరు రాయకు, నంబరు రాయకు. సంతకం అంతకన్నా ప్రమాదం, ఆ మనిషిని ఆ ఫారంతో ముడిపెట్టేది అదే. ఐ.సి.ఎం.ఆర్. (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో నైతిక కమిటీ అనుమతితో నోటిమాట ఒప్పుదలకి వీలుంది. మీ గైడ్‌కి అది చూపించు.

పెద్దమ్మ వీధి జోలికే పోకు. మొహమాటానికి చెప్పిన మాటని ఒప్పుకున్నట్టు ఎలా రాస్తావు? వేరే ఊరు ఎంచుకో.

ఎన్ని ఇళ్ళు అమ్ముతున్నాయో లెక్క మాత్రమే కావాలంటే ఒక ఉపాయం ఉంది. 1965లో వార్నర్ అనే ఆయన చెప్పిన పద్ధతికి సులువు రూపం. రూపాయి బిళ్ళ వాళ్ళ చేతికే ఇచ్చి ఎగరెయ్యమని, నువ్వు అటు తిరుగు. బొమ్మ పడితే నిజం ఏదైనా "అవును" అనాలి, బొరుసు పడితే నిజం చెప్పాలి. 200 ఇళ్ళలో 130 అవునంటే, దాదాపు 100 బిళ్ళ వల్ల వచ్చినవి. మిగతా 100లో 30 నిజమైనవి, అంటే సుమారు 30 శాతం. ఏ ఇంటి "అవును" ఎలాంటిదో నీకూ తెలియదు. ముందు "ఇవాళ టీ తాగారా" లాంటి ప్రశ్నతో ఆడించి చూడు, లేకపోతే ముసలమ్మలు నవ్వి పంపేస్తారు. అయితే నీది ఆదాయం లెక్క కదా, ఎవరు అమ్ముతారో తెలియకుండా వాళ్ళ ఆదాయం చెప్పలేవు. దానికి ఇష్టపడి మాట్లాడే కొద్దిమందితో, పేరూ ఊరూ లేకుండా, తీరిగ్గా కూర్చోవడమే దారి. ప్రాజెక్టు చిన్నదైతే అవనీ.

రాజురా కోడలు:
మా చంద్రపూర్ జిల్లాలో 2015 నుంచి 2021 దాకా నిషేధం ఉండేది. అప్పుడు ఎవరో సర్వే అంటూ మా ఇంటికొచ్చి, అత్తా మావయ్యా ఎదురుగానే "ఇంట్లో ఎవరు తాగుతారు" అని నన్నడిగారు. ఎవరూ తాగరని చెప్పాను, ఇంకేం చెప్తాను? ఆడవాళ్ళని విడిగా అడుగు చెల్లీ. ఇంకో మాట, గోండు ఇళ్ళలో ఇప్పపువ్వు తిండికీ పూజకీ కూడా ఉంటుంది. వాకిట్లో ఎండబెట్టిన పువ్వు కనిపించగానే సారా కాస్తారని టిక్కు పెట్టేయకు. మరాఠీ ఫారం చూస్తూ అప్పటికప్పుడు నోటికొచ్చిన తెలుగులో అడగవద్దు. తెలుగులో, మాడియా గోండుల భాషలో ముందే రాసుకుని ఒకే రకంగా అడుగు.

ప్రాణహిత ఒడ్డు:
పెద్దాయనా, అక్కా, థాంక్స్. సంతకం తీసేయడానికి గైడ్‌ని అడుగుతాను. కాకపోతే ఫారం ఫోన్ యాప్‌లో నింపాలి. పేరు లేకపోతే సరిపోతుందా?

బల్లార్షా పెద్దాయన:
సరిపోదు. యాప్‌లో లొకేషన్ ప్రశ్న ఉంటే తీసేయించు, ఇల్లు ఎక్కడో అదే చెప్పేస్తుంది. నింపిన టైము కూడా అందులో నమోదవుతుంది, ఏ రోజు ఏ వీధిలో తిరిగావో తెలిసినవాళ్ళకి అది చాలు. గుమ్మం ముందు ఫోటోలు దిగకు, గైడ్ అడిగినా సరే.