‘భోజనము వేసవిఁ’ – వేసవా, వేసగా?

పాతపంతులు
మనవలు నిన్న సాయంత్రం బండెక్కారు. బడులు తెరిచేది జూన్ 12న కదరా, ఇంకో నాలుగు రోజులు ఉండండంటే పుస్తకాలకు అట్టలు వేసుకోవాలట. మామిడిపళ్ల బుట్టలో గడ్డి మాత్రం మిగిలింది. ఉద్యోగం చేసిన ముప్పై నాలుగేళ్లూ వేసవి సెలవులు చాలలేదనే అనుకున్నాను. ఇప్పుడు ఏడాది పొడుగునా సెలవులే, అయినా వేసవి ఇదివరకటికన్నా తొందరగా అయిపోతోంది.

పొద్దున మజ్జిగ తాగుతుంటే శ్రీకృష్ణదేవరాయలవారి ఆముక్తమాల్యదలో, విష్ణుచిత్తుడు వేసవిలో వైష్ణవ అతిథులకు పెట్టే భోజనం గురించిన చంపకమాల చివరిపాదం నోట్లోకి వచ్చింది. “వెలయఁగఁ బెట్టు భోజనము వేస...” దగ్గర ఆగిపోయాను. మా గురువుగారు ‘వేసగిఁ జందనచర్చ మున్నుగన్’ అని చదివినట్టు చెవిలో ఉంది. నేను మాత్రం పిల్లలకు ‘వేసవిఁ’ అనే చెప్పాను. పుస్తకం అటక మీద ఉంది, నా మోకాళ్లు కింద ఉన్నాయి. ఎవరైనా చెబుదురూ.

గణాలగంప
వేసవి అన్నా వేసగి అన్నా గణం ఒకటే. ‘వెల’కు ‘వే’తో యతి, అదీ చెడదు. కాబట్టి ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు. ‘వేసంగి’ అంటే మాత్రం జగణం పోతుంది.

బెంగళూరు తెలుగోడు
నా అచ్చుప్రతిలో ‘వేసవిఁ’ అనే ఉంది. కానీ నా ఓటు వేసగికే. ఇక్కడ బేసిగె అంటారు. మన వ వాళ్లకు బ, సరే, ఆ చివరి గ ఎక్కడిది? గ పాతది, వ తర్వాత వచ్చింది. విజయనగరంలో కూర్చుని రాసిన రాయలు ఏదనుంటాడో మీరే చెప్పండి.

గణాలగంప
కలలో ఆంధ్రవిష్ణువు ‘తెలుఁగు వల్లభుండ’ అని చెబితే తెలుగులో రాసినాయన్ని బేసిగెకు కట్టేస్తారా!

ఓరుగల్లు ఆడబిడ్డ
మా దిక్కు యాసంగి అంటే కాలం కాదు, పంట. చలికాలంల నాటు పెట్టి ఎండలకు కోస్తం. ఎండలకేమో ఎండకాలమే అంటం. సార్, మీ వేసగి, మా యాసంగి ఒక్కటే మాట కావచ్చు. అది సరే, అదే పద్యంల ‘వడపిందెలు’ అంటే ఏంది? నాకు ఎన్నడూ సక్కగ అర్థం కాలె.

పచ్చళ్ల పండితుడు
అదేం ప్రశ్నండీ, ఊరవేసిన మామిడిపిందెలు. ముందు ‘సుగంధి శీతజలముల్’, వెనక ‘నీరుఁజల్ల’. పలుచటి మజ్జిగలో అన్నం కలుపుకుంటే పక్కన నంజుకోడానికి ఏదో ఒకటి ఉండాలిగా.

గణాలగంప
ఊరవేశారు సరే, ‘వడ’ ఎందుకు వచ్చింది? వడ అంటే ఎండసెగ. వడగాలికి రాలిన పిందెలు. రాలినవాటిని పారెయ్యక ఉప్పులో వేసి ఉంటారు.

పచ్చళ్ల పండితుడు
విష్ణుచిత్తుడు వైష్ణవ అతిథులకు రాలుపిందెలు పెడతాడా! అవి వడలిన పిందెలు. ఉప్పులో ఊరితే ముడుతలు పడి వడలిపోతాయి. మీరు ఎప్పుడైనా జాడీలో చెయ్యి పెట్టారా?

ఓరుగల్లు ఆడబిడ్డ
శ్రీరామనవమికి పానకంతోని వడపప్పు పెడతరు గద. ఎండదెబ్బ తగలకుండ తినే పప్పు అని మా అమ్మమ్మ చెప్పేది. వడపిందెలు గూడ అట్లనే, వడకు మందు.

బెంగళూరు తెలుగోడు
ఈ అక్క మాట బాగుంది. కానీ వడగళ్లలో వడ సంగతేంటి? అవి చల్లనివి కదా.

పాతపంతులు
నేను అడిగింది వేసవి గురించి నాయనా. సరే, పిందెలే కానివ్వండి. ఈ పద్యం పాఠంలో లేకపోయినా ఏటా ఏప్రిల్‌లో, సెలవులిచ్చే ముందు, ఖాళీ పీరియడ్‌లో చెప్పేవాణ్ణి. ‘చెఱకుపా లెడనీళ్లు’ దగ్గర ప్రతి ఏడూ ఎవడో ఒకడు బోల్తా పడేవాడు. ఒకడు అర్థం రాయమంటే ‘చెరకు, పాలలో నీళ్లు’ అని రాశాడు. వాళ్ల ఇంట్లో గేదెలున్నాయి. అర మార్కు వేశాను.

బెంగళూరు తెలుగోడు
ఎడనీళ్లంటే ఇక్కడ రోజూ తాగే ఎళనీరే మాస్టారూ, లేత కొబ్బరినీళ్లు. ఎలనాగలో ఉన్న ‘ఎల’ అదే.

గణాలగంప
తిండి సంగతికి వస్తే దీనికన్నా వానాకాలం పద్యం గొప్పది. “భార్య కన్బొగ సొరకుండ నారికెడపుం బొరియల్”. జడివానలో తడికట్టెలు పొగచూరి ఇల్లాలి కళ్లు మండకుండా కొబ్బరిచిప్పలతో వండించాడు. యుద్ధాలు చేసుకునే రాజు వంటింటి పొగ ఎప్పుడు చూశాడో! నాకు ఆ ఒక్క మాట చాలు, మిగతా ప్రబంధాలన్నీ పక్కన పెట్టేస్తాను.

పచ్చళ్ల పండితుడు
మనుచరిత్రను కూడానా? దానికి వేరే దారం పెట్టండి, అక్కడ చెబుతాను. ఇక్కడ మాత్రం ఒక మాట. చందనచర్చ అంటే గంధం పూత. మన చర్చ పూత దాటి పిందెల్లోకి దిగింది, కాయ అయ్యేలా లేదు.

ఓరుగల్లు ఆడబిడ్డ
సార్, వడకు వడిగ అనే అర్థం ఏమన్న ఉన్నదా? ‘వడి’లెక్క. తొందరగ అయిపోయే పిందెలు, మీ ఎండకాలం తీరు.

గణాలగంప
వడి వేరమ్మా, వడ వేరు. ఇకారం ఊరికే రాదు.

పాతపంతులు
వేరే అయినా నాకు నచ్చిందమ్మా. వడలిన పిందెలకు సగం ఒప్పుకుంటాను, వడపప్పుకు ముప్పావు. వేసగి సంగతి మాత్రం మా గురువుగారే పైనుంచి చెప్పాలి. ఉంటాను. మబ్బు పట్టింది. మా ఆవిడ మేడ మీద వడియాలు ఆరబెట్టింది, చినుకు పడేలోగా తీసుకురావాలి.

పచ్చళ్ల పండితుడు
మేడ ఎక్కే మోకాళ్లకు అటక అందదా మాస్టారూ?