సమస్యాపూరణం: "కత్తి నప్పగించినవాఁడె గద్దె నెక్కె"

నిర్వాహకుడు:
ఈ వారం తేటగీతి. విషయం అమెరికా స్వాతంత్ర్య యుద్ధం, ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం. కత్తి వదిలినవాడికి గద్దె ఎలా దక్కిందో మీరే తేల్చాలి. విరుపులతో తప్పించుకోకుండా చరిత్రలోంచి రండి.

చాటువు:
ఎనిమిదేండ్లు పోరాడి తా నెదిరి గెలిచి
యన్నపోలిసు కాంగ్రెసు నందు నిలిచి
పొలము దున్నగ నింటికిఁ బోయినాడు
కత్తి నప్పగించినవాఁడె గద్దె నెక్కె

వాషింగ్టన్ గురించి అని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

నిడదవోలు మాస్టారు:
యతులన్నీ కుదిరాయి. అన్నాపొలిస్‌ను కుదించారు, పరదేశపు పేరు కాబట్టి వదిలేస్తున్నాను. పేచీ మూడో పాదంతోనే. వాషింగ్టన్ ఎస్టేటు మౌంట్ వెర్నన్‌లో పొలం దున్నింది ఆయన కాదు బాబూ, ఆయన బానిసలు. పైగా 1783 డిసెంబరు 23న ఆయన కాంగ్రెసుకు తిరిగిచ్చింది సేనాధిపతిగా తన నియామక పత్రం. కత్తి కాదు.

తెల్లకాగితం:
మాస్టారూ, కత్తి అంటే అధికారం అని తీసుకోవచ్చు కదండీ. నాకు వెలితి ఇంకోచోట కనిపించింది. ఇంటికి పోయినవాడు 1789 ఏప్రిల్ 30న న్యూయార్క్‌లో అధ్యక్షుడిగా ప్రమాణం చేసేదాకా అయిదేళ్ళ పైమాటే. అసలు కథ అక్కడే ఉంది. పాత ఏర్పాటులో కాంగ్రెసుకు పన్ను వేసే అధికారమే లేదు. రాష్ట్రాలను చేయి చాచి అడగాలి, వాళ్ళు ఇస్తే ఇచ్చినట్టు. సైనికుల జీతాలు బకాయి పడ్డాయి. 1786లో మసాచుసెట్స్‌లో అప్పులపాలైన రైతులు షేస్ అనే మాజీ సైనికుడి వెంట తిరగబడితే అణచడానికి కేంద్రం దగ్గర సరైన సేన కూడా లేదు. 1787లో ఫిలడెల్ఫియాలో తలుపులు మూసుకుని కొత్త రాజ్యాంగం రాసుకున్నది అందుకే. ఆ సభకు అధ్యక్షత వహించిందీ వాషింగ్టనే. ఇదేదీ లేకుండా నాగలి నుంచి గద్దెకు ఒక్క దూకు దూకించారు. మూడో పాదం ఇలా పెట్టి చూడండి:

పన్ను లేని ప్రభుత్వమ్ము పడగ, మరల

చాటువు:
అబ్బ, బాగుంది! తీసేసుకుంటున్నాను. నాగలి పోయింది కాబట్టి మాస్టారి పేచీ కూడా సగం తీరినట్టే.

నిడదవోలు మాస్టారు:
తీరలేదు. అదే రాజ్యాంగం రాష్ట్రాల ప్రాతినిధ్యం కోసం అయిదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కగట్టింది. దాని మీద ఎవరైనా పూరిస్తే చదవాలని ఉంది.

గుంటూరు గోంగూర:
యార్కుటౌనున నోడిన యతడె పిదప
వంగ సీమకు దొర యయి వచ్చె నౌర!
టిప్పు సుతులను గుదువగ నొప్పుకొనియె
కత్తి నప్పగించినవాఁడె గద్దె నెక్కె

కారన్‌వాలిస్. బ్రిటిష్ సేనాని. 1781 అక్టోబరు 19న అమెరికాలోని యార్క్‌టౌన్‌లో లొంగిపోయాడు, 1786లో గవర్నర్ జనరల్‌గా ఇక్కడికొచ్చాడు. 1788లో మా గుంటూరు సర్కారు కంపెనీ చేతిలో పడిందీ ఈయన హయాంలోనే.

తెల్లకాగితం:
మూడో పాదంలో ప్రాసయతి హాయిగా ఉంది. 'కుదువ' అనే మాట మరీ బాగా పడింది. 1792లో ఇద్దరు పిల్లల్ని నిజంగానే తాకట్టు సరుకులా పట్టుకెళ్ళాడు కదా. విషయం అమెరికా దాటిందని నిర్వాహకులు అంటారేమో!

నిర్వాహకుడు:
అననండీ. ఓడిన చోటు అమెరికాయే.

మౌనవ్రతం:
ఇద్దరూ పొరబడ్డారు. యార్క్‌టౌన్‌లో కారన్‌వాలిస్ ఒంట్లో బాగాలేదని లొంగుబాటుకు రాలేదు. కత్తి పట్టుకొచ్చింది ఆయన కింది అధికారి ఓహారా. ముందు ఫ్రెంచి సేనాని రోషాంబో వైపు నడిస్తే ఆయన వాషింగ్టన్‌ను చూపించాడు. కిందివాడి దగ్గర తనెందుకు తీసుకోవాలని వాషింగ్టన్ తన కింది అధికారి బెంజమిన్ లింకన్‌ను చూపించాడు. ఆ ఓహారా 1795లో స్పెయిన్ కొసన ఉన్న బ్రిటిష్ కొండకోట జిబ్రాల్టర్‌కు గవర్నర్ అయ్యాడు. పాదం అక్షరాలా సరిపోయేది ఆయనకే.

జబ్బు పేరున సేనాని జారుకొనగ
తాను దెచ్చిచ్చె ఖడ్గమ్ము దలను వంచి
రాతికోటకుఁ బతియయి రాణకెక్కె
కత్తి నప్పగించినవాఁడె గద్దె నెక్కె

నిడదవోలు మాస్టారు:
ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ మీరు! ఒకటే లోపం. క్త్వార్థంలోని, అంటే 'తెచ్చి' లాంటి మాటల చివరి, ఇకారానికి సంధి లేదు, 'తెచ్చిచ్చె' కుదరదు. 'తెచ్చి యిచ్చె' అంటే గణం చెడుతుంది. 'తాను దెచ్చెను ఖడ్గమ్ము' అనేయండి, భగణం కాబట్టి చిక్కు లేదు. 'రాణకెక్కె', 'గద్దె నెక్కె' అని రెండు ఎక్కడాలు పక్కపక్కనే పడటం కొంచెం బరువే, అయినా ఈ వారం నా ఓటు దీనికే.