బుగ్గ క్యాన్సర్ థీసిస్: పీ16తో సర్వైవల్ చెప్పొచ్చా?

పాథాలజీ పీజీ, వరంగల్:
అన్నలకు, అక్కలకు నమస్తే. 62 నోటి స్క్వామస్ కార్సినోమా (నోటి పొర కణాల క్యాన్సర్) బ్లాకులు (మైనంలో భద్రపరిచిన కణజాలం ముక్కలు) తీశాను. ఎక్కువ బుగ్గవే, దాదాపు అందరికీ గుట్కా, జర్దా అలవాటుంది. పీ16, పీ53, కేఐ-67, ఈజీఎఫ్ఆర్, పీడీ-ఎల్1 స్టెయిన్లు (ఆయా ప్రోటీన్లు కణాల్లో ఉన్నాయో లేదో చూపే రంగులు) వేసి మూడేళ్ల సర్వైవల్‌తో (ఎంతమంది బతికున్నారో) పోల్చాలని ఉంది. 9 స్లైడ్లలో పీ16 అక్కడక్కడ మరకల్లా పట్టింది. పాజిటివ్ అని రాయొచ్చా? ఇప్పటికి 23 మరణాలు.

సీనియర్ పాథాలజిస్ట్, హనుమకొండ:
రాయొద్దు తమ్ముడూ. కనీసం 70 శాతం ట్యూమర్ కణాల్లో న్యూక్లియస్, సైటోప్లాజం రెండూ మధ్యస్థంగానో గాఢంగానో పట్టాలి. ఆ లెక్క కూడా టాన్సిల్, నాలుక మొదలు ట్యూమర్లది. అక్కడ హెచ్‌పీవీ అనే వైరస్ తాలూకు ఈ7 ప్రోటీన్, కణ విభజనను అదుపులో పెట్టే ఆర్‌బీ ప్రోటీన్‌ని పనిచేయనీయదు, దాంతో పీ16 పెరుగుతుంది. 2010లో వచ్చిన అధ్యయనంలో హెచ్‌పీవీ ఉన్నవాళ్ల మూడేళ్ల సర్వైవల్ 82.4 శాతం, లేనివాళ్లది 57.1. అది గొంతు లెక్క, బుగ్గకు కట్టొద్దు.

నీ కేసులకు పీ53 మేలు. చూడ్డంలోనే తప్పు జరుగుతుంది: ట్యూమర్‌లో అసలేమీ పట్టకపోతే మామూలు పీ53 అనుకుంటారు. పక్కనున్న లింఫోసైట్లు, ఫైబ్రోబ్లాస్టుల్లో లేతగా పట్టి, ట్యూమర్ పూర్తిగా ఖాళీగా ఉంటే అది మ్యుటేషన్ (జన్యువులో మార్పు) వైపే చూపిస్తుంది. పక్క కణాలూ ఖాళీ అయితే స్టెయినింగే ఫెయిలైంది, మళ్లీ వెయ్.

దవడ ఎముకతో వచ్చిన బ్లాకులు జాగ్రత్త. ఆమ్లంలో డీకాల్సిఫై చేస్తే (ఎముకలోని కాల్షియం తీస్తే) యాంటిజెన్ (స్టెయిన్ పట్టుకునే ప్రోటీన్ భాగం) దెబ్బతిని తప్పుడు నెగటివ్ రావొచ్చు. ఎముక తగలని మెత్తటి భాగం బ్లాకు వెతుకు. సెక్షన్ 4 మైక్రాన్లు, చార్జ్డ్ స్లైడ్లే (కణజాలం గట్టిగా అంటుకునేవి) వాడు. మామూలు గాజు మీదైతే రిట్రీవల్ (స్టెయిన్ పట్టేలా యాంటిజెన్‌ను బయటపెట్టే దశ) వేడికి కణజాలం లేచిపోతుంది.

గణాంకాలు చూసే అక్క, కరీంనగర్:
23 మరణాలకు కాక్స్ మోడల్‌లో (ఏ అంశం సర్వైవల్‌ను మారుస్తుందో లెక్కించే పద్ధతి) రెండు అంశాలు మించి పెట్టకు. పది మరణాలకు ఒకటి అనేది మోటు లెక్కే, కానీ ఐదు మార్కర్లు, స్టేజీ కలిపి కూరితే వచ్చే పీ విలువను నమ్మలేం. స్టేజీ, పీ53 చాలు. కటాఫ్ (ఎంత పడితే పాజిటివ్ అనే హద్దు) ముందే రాసిపెట్టుకో. రకరకాల కటాఫ్‌లు మార్చి చూసి బాగా వచ్చింది తీసుకుంటే అది ఇంకో ఊరి డేటాలో నిలవదు.

ఫాలోఅప్‌కు రానివాళ్లను ఈరోజు దాకా బతికున్నట్టు లెక్కెయ్యకు, చివరిసారి చూసిన తేదీకి సెన్సార్ చెయ్యి (లెక్క అక్కడే ఆపు). కేసు షీట్లో నంబరు చాలాసార్లు కొడుకుదో పక్కింటోళ్లదో ఉంటుంది. ములుగు, భూపాలపల్లి పల్లెలవాళ్లయితే ఊరి ఆశా కార్యకర్తను అడుగు, మరణం తేదీ ఆమెకు తెలిసే అవకాశం ఎక్కువ.

ఆంకాలజీ రెసిడెంట్:
పీడీ-ఎల్1 పక్కన పెట్టు. సీపీఎస్ (పీడీ-ఎల్1 పట్టిన కణాల స్కోరు) 1, 20 అనే హద్దులు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు ఎవరికివ్వాలో తేల్చడానికి పెట్టినవి, సర్వైవల్ చెప్పడానికి కాదు. పైగా కనీసం 100 బతికున్న ట్యూమర్ కణాలు కావాలి, చిన్న బయాప్సీలో అవీ ఒక్కోసారి దొరకవు.

పాథాలజీ పీజీ, వరంగల్:
పీ16, పీడీ-ఎల్1 తీసేస్తున్నా. దవడ బ్లాకులు 11 ఉన్నాయి, ఆమ్లంలో ఎంతసేపున్నాయో రిజిస్టర్‌లో లేదు.

సీనియర్ పాథాలజిస్ట్, హనుమకొండ:
మెత్తటి బ్లాకు దొరకని కేసులు వదిలెయ్. ఎన్ని వదిలావో, ఎందుకో మెథడ్స్‌లో రాయి.